చింతగింజల నీళ్ళు

ఆ ఎండాకాలం నేను ఊరూరా తిరిగి నీళ్ళు అయిపోగొట్టాను. చింతగింజల నీళ్ళే అనుకోండి. అయినా స్టీలు తట్టలోంచి చివరి గింజ లేచిపోయినప్పుడు ఏ ఊళ్ళోనైనా జనం ముందుకు వంగి తట్ట అడుగు చూసేవాళ్ళు. తర్వాత ఎవరో ఒకరు నవ్వి, "మా ఊరి మాదిరే ఉండాది గదమ్మా నీ తట్ట" అనేవాళ్ళు. నేను మాత్రం నవ్వకూడదు. ఆట నడిపేవాళ్ళ ముఖంలో ఏమీ కనపడకూడదని మాకు రూలు.

ఆ రూలు నా ప్రాణం మీదికి వచ్చింది. నేను కుదురుగా ఉండే మనిషిని కాను. కూర్చుంటే కాలు ఊపుతాను, నిలబడితే చున్నీ కొస నలుపుతాను, ఎదుటివాళ్ళు మాట పూర్తి చేసేలోపు నేనే పూర్తి చేసేస్తాను. అంగళ్లులో ఎంబీఏ చదివాక మదనపల్లెలో ఒక బైకుల షోరూములో కొన్నాళ్ళు, ఒక చిట్‌ఫండు ఆఫీసులో కొన్నాళ్ళు పనిచేసి, రెండుచోట్లా మేనేజర్లతో తగాదా పెట్టుకుని పెద్దపంజాణి దగ్గర మా ఊరికి వచ్చి పడ్డాను. అప్పుడు దొరికింది ఈ పరిశోధన పని.

ఆ పరిశోధన శోభారాణి మేడంది. ఆమె కుప్పంలో ఎకనామిక్స్ చెబుతారు. బోర్లు ఎండిపోతున్న ఊళ్ళలో జనం నీళ్ళ సంగతి ఎలా తేల్చుకుంటారు, ప్రభుత్వం చట్టం పెడితేనే వింటారా, తమలో తాము మాట్లాడుకుంటే సరిపోతుందా, ఇది తెలుసుకోవాలని ఆమె పట్టుదల. తేలినదాన్ని అధికారుల ముందు పెడతారు. దాన్నిబట్టి కొత్త బోర్ల మీద ఏం చెయ్యాలో వాళ్ళు ఆలోచిస్తారు. నేనూ, పలమనేరు నుంచి వచ్చే దిలీపూ ఊళ్ళకు పోయి ఆట నడపాలి.

ఆట పెద్ద కష్టమేమీ కాదు. ఒక బల్ల చుట్టూ ఐదుగురు రైతులు కూర్చుంటారు. మధ్యలో తట్ట, దాన్నిండా చింతగింజలు. ఆ గింజలే భూమిలోని నీళ్ళు. ఆటలో ఒక్కో విడత ఒక ఏడాది లెక్క, ప్రతి రైతూ ఏడాదికొక చీటీ బోర్లా పెట్టాలి. పచ్చ చీటీ అయితే రాగి, ఎర్ర చీటీ అయితే టమోటా. రాగికి ఒక గింజ తీస్తాం, టమోటాకు మూడు తీస్తాం. టమోటా వేసినవాడికి మార్కులెక్కువ. ఏడాది చివర వాన పడిందని చెప్పి కొన్ని గింజలు తట్టలో వేస్తాం. మొదటి ఆటలో ఎవరూ నోరు విప్పకూడదు. రెండో ఆటలో చీటీ పెట్టే ముందు కాసేపు మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకుంటే నీళ్ళు ఎన్నేళ్ళు నిలుస్తాయో చూడటమే మేడం పని.

మదనపల్లెలో శిక్షణ అయిన రోజు మేడం నన్ను పక్కకు పిలిచారు. నేను ఉత్తుత్తి ఆటలో ఒకాయన చెయ్యి పట్టుకుని పచ్చ చీటీ పెట్టించానట. నాకు గుర్తు కూడా లేదు.

"నీకు సాయం చేసే గుణం ఎక్కువ ఝాన్సీ" అన్నారామె. "ఆ బల్ల దగ్గర మాత్రం ఎవరికీ సాయం చేయకు. సలహా వద్దు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయొద్దు. చేతనవుతుందా?"

"అవుతుంది మేడం" అన్నాను, కాలు ఊపుతూ.

ఇంటి దగ్గర అసలు నీళ్ళు అయిపోతున్నాయి. మా బోరు మోటారు వేస్తే కాసేపు నీళ్ళు పోసి తర్వాత గాలి కొట్టేది. నాయన వెంకటరమణప్ప గట్టు మీద నిలబడి ఆ శబ్దం వినేవాడు. టమోటా అప్పుడే పూత మీదికి వస్తోంది. కట్టెలు నాటి, పురికొస కట్టి, అమ్మా నాయనా నడుములు విరగ్గొట్టుకున్న చేను అది. ఇప్పుడు నీళ్ళు ఆగితే పూత రాలిపోతుంది.

కొత్త బోరుకు పాయింటు చూసేవాణ్ణి నాయన గంగవరం నుంచి పిలిపించాడు. అతను అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. టెంకాయ లేచి నిలబడిన చోట రాయి పాతాడు. ఆ చోటు సరిగ్గా మా చిన్నాయన చేని గట్టు పక్కన. గట్టుకు అవతల బీన్సు చేలో, కొన్ని అడుగుల దూరంలోనే చిన్నాయన బోరు. చుట్టుపక్కల నీళ్ళు పోస్తున్న బోరు అదొక్కటే. మాది లోతుగా దిగితే అది ఎండుతుందని ఊళ్ళో చిన్నపిల్లలకైనా తెలుసు.

"ఆడనే యెయ్యాల్నా?" అంది అమ్మ.

"నీళ్ళు యాడుంటే ఆడ యేస్తారు. నీకు నచ్చిన తావున యేస్తారా?"

"బోరు లారీ వాళ్ళకు ఏమిస్తావు?"

నాయన పాక వైపు చూశాడు. అమ్మ కూడా చూసింది. అక్కడ మా ఎర్రావు నెమరేస్తూ పడుకుని ఉంది. అమ్మ దాన్ని పెయ్యగా ఉన్నప్పటి నుంచి సాకింది. పుంగనూరు సంతకు తోలితే మంచి ధరే వస్తుంది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. అమ్మ కొంగు దులుపుకుని లోపలికి పోయింది.

నాయనా, చిన్నాయన మునికృష్ణా మాట్లాడుకోరు. చిన్నాయన ఆ బోరు వేసిన ఏడాదే మా పాత బోరు ఒకటి ఎండింది. అప్పుడు ఇద్దరూ ఏదో అనుకున్నారు. నేను హైస్కూల్లో ఉన్నప్పటి సంగతి. అప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్య మాటలు మోసేది నేనే. నాయన ఈ గట్టున, చిన్నాయన ఆ గట్టున ఉంటారు. పిలిస్తే పలికేంత దూరం. అయినా చిన్నాయన నన్నే పిలుస్తాడు.

"అమ్మా ఝాన్సీ! మీ నాయన్తో సెప్పు, మేక మా సేలో పడుండాది."

నాయన విని కూడా విననట్టు నిలబడతాడు. నేను ఆయన వైపు తిరిగి, "నాయనా, మేక చిన్నాయన చేలో పడిందంట" అనాలి. అప్పుడు ఆయన విన్నట్టు లెక్క.

"ఆ మేక నాది కాదని సెప్పు ఆయప్పకు."

నేను ఇటు తిరగాలి. మళ్ళీ అటు తిరగాలి. నేను కాలేజీకి పోయిన రోజుల్లో ఆ మేక సాయంత్రం దాకా చిన్నాయన చేలోనే మేసేది. నేను బస్సు దిగాక తగాదా మొదలయ్యేది. నాకు అందులో వింతేమీ కనిపించేది కాదు. చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉండేది. రెండిళ్ళకూ నేను లేకపోతే జరగదని.

పాయింటు రాయి పాతిన మర్నాడు చిన్నాయన గట్టు మీదికి వచ్చాడు.

"అమ్మా ఝాన్సీ, ఆడ బోరు యెయ్యొద్దని సెప్పమ్మా మీ నాయన్తో. నా కొంప మునుగుతాది."

నేను చెప్పాను.

"ఆ పొద్దు ఆయప్ప యేసినప్పుడు నా కొంప మునగలేదా అని అడుగు."

అదీ అడిగాను. చిన్నాయన ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఒక చోట కూర్చోలేకపోయాను. గిన్నెలు తోమి మళ్ళీ తోమాను. ఫోను తీసి ఎవరికి చెయ్యాలో తెలియక మళ్ళీ పెట్టేశాను. లారీ ఖాళీ అయ్యాక వచ్చే వారం వస్తామని బోరు వాళ్ళు చెప్పారు.

ఆ వారంలోనే మా ఊరి పేరు వచ్చింది. ఏ ఊళ్ళో ఆడాలో మేడం కంప్యూటరుతో చీటీలు తీయించేవారు. దిలీప్ ఫోన్లో చదువుతూ మా ఊరి పేరు దగ్గర ఆగి, "ఇది మీదే కదా?" అన్నాడు. మేడంకు చెప్పాను. ఊళ్ళో ఎవరి చీటీ ఏ బల్లకు వస్తుందో కూడా లాటరీయే కాబట్టి పరవాలేదన్నారు. ఇబ్బందేమైనా ఉంటుందా అని అడిగారు. లేదన్నాను.

ఆట స్కూలు వరండాలో పెట్టాం. ఒక బల్ల ఆడవాళ్ళది, దిలీప్ చూసుకున్నాడు. మగవాళ్ళ బల్ల నాకు వచ్చింది. చీటీలు తీస్తే నాయనా చిన్నాయనా ఒకే బల్లకు వచ్చారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరో ఒకరు లేచిపోతారనుకున్నాను. లేస్తే ఓడినట్టని ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు. మిగతా ముగ్గురిలో టీకొట్టు గురుమూర్తి ఒకడు. బంధువు కాకపోయినా ఆయన్ను మామా అని పిలుస్తాను.

పక్క బల్ల దగ్గర మా అమ్మ, చిన్నమ్మ మునిరత్నమ్మ భుజాలు రాసుకుంటూ కూర్చుని గుసగుసలాడుకుంటున్నారు. నేను నోరెళ్ళబెట్టాను. తర్వాత అడిగితే అమ్మ, "పాల బూతు కాడ మేము దినామూ మాట్లాడుకుంటాం మే. మొగోళ్ళకు తెలీదు" అంది. మరి వాళ్ళకు నచ్చచెప్పొచ్చు కదా అంటే, "మేము సెప్తే ఇంగా బిగుసుకుంటారు. నువ్వు నోరు మూసుకో" అంది.

మొదటి ఆటలో నాయన ప్రతి ఏడాదీ ఎర్ర చీటీయే పెట్టాడు. చిన్నాయన కూడా అంతే. మిగతావాళ్ళు పచ్చది పెట్టి చూశారు, లాభం లేదని వాళ్ళూ ఎర్రది పెట్టారు. మూడో ఏడాదికి తట్ట ఖాళీ అయింది. గురుమూర్తి మామ తట్ట తీసి బోర్లించి చూపించి, "అయిపాయె, కొంపలెత్తుకోని బెంగుళూరుకు పోదాం పదండప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఇద్దరూ తప్ప.

రెండో ఆటలో మాట్లాడుకోవచ్చని చెప్పాను. గురుమూర్తి మామ వెంటనే అందుకున్నాడు.

"అందురూ రాగులే యేద్దాం ఈ తూరి. ఏమప్పా?"

మిగతా ఇద్దరూ సరేనన్నారు. నాయన తట్ట వైపు చూస్తున్నాడు. చిన్నాయన తన చేతిలోని చీటీలు తిప్పుతున్నాడు. కాసేపటికి తలెత్తి నా వైపు తిరిగాడు.

"అమ్మా ఝాన్సీ, మీ నాయన్ను అడుగు, రాగులేస్తాడా అని."

"నాయనా, రాగులేస్తావా అంట."

"ఆయప్ప యేస్తే నేనూ యేస్తానని సెప్పు."

"చిన్నాయనా, నువ్వేస్తే నాయనా వేస్తాడంట."

"నేను యేస్తా. మల్లీ మాట తప్పితే బాగుండదని సెప్పు."

అలా ప్రతి ఏడాదికీ అటూ ఇటూ తిరిగాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఊళ్ళో రోజూ చూసేదే కదా. ఐదు చీటీలు తిప్పితే ఐదూ పచ్చవే. ఆట అయిపోయేసరికి తట్టలో గింజలు గుట్టగా ఉన్నాయి. మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు గాల్లో తేలినట్టుంది. నేను తిరిగిన ఊళ్ళన్నిట్లో అంత నీళ్ళు మిగిలిన బల్ల లేదు. సంతోషంగా వెనక్కి తిరిగాను. ఎప్పుడొచ్చారో, స్తంభం పక్కన మేడం నిలబడి ఉన్నారు.

నాకు అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. బల్ల దగ్గరికి వచ్చి, ఆడినందుకు అందరికీ దండం పెట్టి, తలా ఒక స్టీలు గ్లాసు ఇచ్చి, ఈ బల్ల లెక్కలోకి తీసుకోలేమండీ అని చెప్పారు.

నాయనకు రోషం వచ్చింది. "యాల తీసుకోరు? నీళ్ళు మిగిలినాయి గదమ్మా?"

"మిగిలాయండి. ఎవరు మిగిల్చారో నాకు తెలియడం లేదు" అన్నారు మేడం.

ఆ సాయంత్రం ఆమెను బస్సు ఎక్కించడానికి పుంగనూరు దాకా పోయాను. బస్టాండు ఎదురుగా టీ తాగుతున్నాం. నేను క్షమాపణ చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. చిన్నప్పటి నుంచి అలవాటు మేడం, వాళ్ళు పిలవగానే నోటికి వచ్చేస్తుంది, మేకలూ నీళ్ళూ పెళ్ళి పిలుపులూ అన్నీ నేనే, అంటూ ఏదేదో చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. టీ గ్లాసు కింద పెట్టాక అన్నారు.

"నువ్వు అడ్డం లేకపోతే వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళేమో. లేకపోతే తట్ట మళ్ళీ ఖాళీ అయ్యేదేమో. రెండిట్లో ఏది జరిగేదో తెలుసుకోవడానికే నేను ఇంత దూరం వచ్చాను. అది తెలియకుండా పోయింది. మధ్యలో నువ్వుంటే వాళ్ళిద్దరికీ హాయి ఝాన్సీ. తగాదా తెగక్కర్లేదు, పనులు ఆగక్కర్లేదు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరో పరాయి మనిషి మా ఇంటి సంగతి టీ కొట్టు దగ్గర తేల్చేసిందని కోపం. బస్సు కదిలినప్పుడు చెయ్యి కూడా ఊపలేదు. తిరిగి వస్తూ స్కూటీ మీద ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను. ఊరి మలుపు దగ్గరికి వచ్చేసరికి తిట్లు అయిపోయాయి. ఆమె చెప్పిన మాట మాత్రం పోలేదు.

ఇంట్లో నాయన కొత్త స్టీలు గ్లాసులో నీళ్ళు తాగుతున్నాడు. నేను ఆగలేకపోయాను.

"ఆటలో రాగులేస్తివి గదా నాయనా. లారీని వద్దనొచ్చు గదా?"

"అది ఆటమ్మే. ఆటలో సెట్లు ఎండవు" అన్నాడు.

లారీ వచ్చేదాకా ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలీదు. పక్క ఊళ్ళలో గింజలు పరుస్తున్నాను, తీస్తున్నాను, బుద్ధి ఇక్కడే ఉంది. నేనే చిన్నాయన దగ్గరికి పోయి నాయన అనని మాటలు అన్నట్టు చెబుదామా అనిపించింది. ఇటొచ్చి చిన్నాయన అనని మాటలు చెబితే? రెండు మంచి అబద్ధాలు చాలు, పని అయిపోతుంది. చెప్పులు వేసుకుని గడప దాటి కూడా మళ్ళీ వెనక్కి వచ్చాను. అమ్మ ఆవు కొమ్ములకు పసుపు రాసింది. సంతకు పోయే పశువుకు చేసేదంతా చేస్తోంది, మాట్లాడకుండా. టమోటా ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకునేవి, పొద్దు వాలాక కాస్త తేరుకునేవి. తర్వాత తేరుకోవడం కూడా తగ్గింది.

ఒక పొద్దున బోరు లారీ చేలోకి దిగింది. దాని వెనకాలే రాడ్ల లారీ. రాయి పాతిన చోటికి గురిపెట్టి నిలిపారు. తమిళ కుర్రవాళ్ళు గబగబా జాకీలు దించుతున్నారు. నాయన కర్పూరం వెలిగించి టెంకాయ కొట్టాడు. లారీ ఆయన ఇంజను వేసేసరికి చేనంతా ఆ రొదతో నిండిపోయింది. కాళ్ళ కింద నేల అదిరింది.

గట్టు అవతల చిన్నాయన వచ్చి నిలబడ్డాడు. వెనకాల చిన్నమ్మ. కొట్లాటకు వచ్చాడనుకుని నాయన తలపాగా బిగించాడు. నేను ఇద్దరికీ మధ్యలో ఉన్నాను, ఎప్పటిలాగే.

"అమ్మా ఝాన్సీ!" అని అరిచాడు చిన్నాయన. "ఈ కాపుకు నా బోరు నీళ్ళు పెట్టుకోమను మీ నాయన్ను! పైపు నేనే యేస్తానను! బోరు మాత్రం వొద్దను!"

నాకు వినిపించింది. ఆ రొదలో నాయనకు వినిపించలేదు. ఈసారి నటన కాదు, నిజంగానే. ఆయన నా వైపు తిరిగి మాట కోసం చూస్తున్నాడు. మా ఇద్దరి మధ్యా దూరమే లేదు. ఒక్క వాక్యం చెబితే చాలు. నోటిదాకా వచ్చింది. "నాయనా" అనే మాట నాలుక మీదే ఉంది.

పళ్ళు బిగబట్టి నేల వైపు చూశాను.

"ఏమంటాండాడు ఆయప్ప?" అన్నాడు నాయన నా చెవి దగ్గర.

నేను పలకలేదు. చిన్నాయన మళ్ళీ అరిచాడు. మళ్ళీ పలకలేదు. నాయనకు కోపం వచ్చింది.

"ఏమ్మే! నోరు పడిపోయిందా? ఏమంటాండాడో సెప్పు!"

నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మా ఆవు సంతకు పోతుందని భయం, చిన్నాయన కోపంతో తిరిగి వెళ్ళిపోతాడని భయం, ఒక మంచి మాటను నా చేతులారా చంపుతున్నానేమోనని భయం. ఆ మాట చెప్పేస్తే ఈ పొద్దుకు పని జరుగుతుంది, రేపటి నుంచి నేను మళ్ళీ ఇక్కడే నిలబడాలి, అటూ ఇటూ తిరుగుతూ. చున్నీ కొస గుప్పిట్లో నలిగి తడిసిపోయింది. గట్టు అవతల చిన్నాయన చేతులు దించేశాడు. వెళ్ళిపోవడానికి సగం తిరిగాడు కూడా.

లారీ ఆయన నాయన భుజం తట్టి, దించాలా వద్దా అని చేత్తో అడిగాడు.

నాయన నన్ను చూశాడు. గట్టు వైపు చూశాడు. తర్వాత లారీ ఆయనతో, "రొంత ఇంజిను నిలపప్పా" అన్నాడు.

ఇంజను ఆగింది. చెవుల్లో హోరు తగ్గడానికి కాసేపు పట్టింది. నాయన గట్టు దాకా నడిచిపోయాడు.

"ఏమంటివి?" అన్నాడు.

చిన్నాయన తత్తరపడ్డాడు. అలవాటుగా నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

"అదే... నా బోరు నీళ్ళు పెట్టుకోమంటాండాను. కాయ దిగేదాకా. పైపు నేనే యేస్తా."

"నీ బీన్సుకు?"

"పొద్దున నాకు, మాపటికి నీకు. సాలకుంటే రొంత ఎండుతాది. ఏం జేస్తాం."

అక్కడితో ఇద్దరూ కలిసిపోయారని మీరనుకుంటారేమో. అప్పుడే మొదలైంది అసలు తగాదా. ఇంత మంచోడివి ఆ పొద్దు నన్నొక మాట అడగకుండా బోరు యాల యేసినావని నాయన అన్నాడు. అడగడానికి వస్తే నువ్వు తలుపేసుకోలేదా అని చిన్నాయన అన్నాడు. నేను ఏనాడూ వినని మాటలు, ఎవరి చేతా పంపలేని మాటలు, అన్నీ బయటికి వచ్చాయి. ఇద్దరూ గట్టుకు అటూ ఇటూ నిలబడి గొంతులు బొంగురుపోయేదాకా అరుచుకున్నారు. అమ్మా చిన్నమ్మా వేపచెట్టు నీడన కూర్చుని అన్నీ వింటూ, మధ్యమధ్యలో తలలు ఊపుతూ ఉన్నారు. తమిళ కుర్రవాళ్ళు లారీ కింద పడుకుని నిద్రపోయారు. ఎండ నడినెత్తికి వచ్చాక నాయన లారీ ఆయనకు రానుపోను బాడుగ ఇచ్చి పంపించాడు, తిట్టుకుంటూ.

అమ్మ తిన్నగా పాకలోకి పోయి ఆవు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. ఏడ్చిందో లేదో నేను చూడలేదు. నేను మాత్రం మంచంలో పడి గట్టిగా ఏడ్చాను. సంతోషంతోనే. ఇంత బరువు మోస్తున్నానని నాకు అంతవరకూ తెలీదు.

నల్ల పైపు గట్టు దాటి మా చేలోకి వచ్చింది. టమోటా మొత్తం దక్కలేదు, పైవైపు వరసలు ఎండిపోయాయి. కింది వరసల్లో కాయ బాగానే దిగింది. చిన్నాయన బీన్సు కొంత దెబ్బతింది, దానికి ఇప్పటికీ సణుగుతాడు. వానలు పడ్డాక ఇద్దరూ రాగులే వేశారా అంటే అదీ లేదు. చిన్నాయన రాగి వేశాడు, నాయన చెనక్కాయ వేశాడు. ఎందుకని చిన్నాయన అడిగితే, ఆటలో మాట ఆటలోనే అన్నాడు.

పరిశోధన ముగిసినప్పుడు కుప్పంలో ఒక సభ జరిగింది. అధికారులు వచ్చారు. మేడం గోడ మీద పటాలు వేసి చూపించారు. మాట్లాడుకున్న ఊళ్ళలో నీళ్ళు ఎక్కువ ఏళ్ళు నిలిచాయని, అన్ని ఊళ్ళలో మాత్రం కాదని, చట్టం గురించి తొందరపడి చెప్పలేనని అన్నారు. మ్యాపులో ఊళ్ళ చుక్కలు ఉన్నాయి. ఒక బల్ల చెడినందుకు ఊరినే లెక్కలోంచి తీసేశారు, మా ఊరి దగ్గర చుక్క లేదు. భోజనాల దగ్గర ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చి, మీ నాయన బోరు వేశారా అని అడిగారు. జరిగింది చెప్పాను.

"నువ్వెందుకు పలకలేదు?"

"మీరే కదా మేడం సాయం చేయొద్దన్నారు."

ఆమె అప్పడం విరిచి నా ఆకులో సగం వేసి, "ఒక్క ఊరే కదా. దాన్నిబట్టి ఏమీ చెప్పలేం" అన్నారు. అని నవ్వారు. ముఖంలో ఏమీ కనపడకూడదనే మనిషి, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వారు.

ఊరికి తిరిగి వచ్చిన రోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చింతపండు ఒలుస్తున్నాను. అమ్మ గింజలు పారేయొద్దు, వేయించుకుందాం అంటోంది. గట్టు వైపు నుంచి చిన్నాయన గొంతు వినిపించింది.

నేను చేతిలోది కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"అన్నా!" అని అరుస్తున్నాడు చిన్నాయన. "ఓన్నా! నీ మేక మా సేలో పడుండాది!"

"అది నా మేక కాదురా!" అని పాకలోంచి నాయన అరిచాడు.

"నీదే! వొచ్చి సూడు!"

"వస్తాండా, ఉండు!"

నాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని నా ముందు నుంచే వెళ్ళాడు. నన్ను చూడను కూడా లేదు. నేను ఇంకా నిలబడే ఉన్నానని అప్పుడు గమనించాను. మళ్ళీ కూర్చుని చింతపండు చేతిలోకి తీసుకున్నాను.